అరుదైన పక్షుల గూళ్లను వెదకు విధము

పక్షులను చూచి సంతోషింపని విద్యార్థి యుండడు. కాని చూచుట యొకటి, కనిపెట్టి చూచుట మఱియొకటి. చెట్టుమీది పిట్టను జూచి దాని పేరు చెప్పగలుగుట మొదటి మెట్టు. అది యేమి తినును, ఎప్పుడు గూడు కట్టును, గ్రుడ్లెన్ని పెట్టును, పిల్లలెన్ని బ్రదికి యెగిరిపోవును అని తెలిసికొనుట పై మెట్టు. ఈ పై మెట్టున నొక చిక్కు గలదు. గూటి సంగతి తెలియనిదే అరుదైన పక్షిని కాపాడుట సాధ్యము కాదు. కాని గూటిని వెదకుటయే యొక్కొక్కప్పుడు ఆ పక్షి పాలిటి ముప్పగుచుండును. ఈ రెంటికిని పొత్తు కుదుర్చు విధమెట్టిదో, మన తెలుగునాటి పక్షులనుండియే నిదర్శనములు దీసికొని యీ వ్యాసమున వివరింప దలచితిమి.

మనకు గనబడు పక్షులలో కొన్ని చుట్టములు, కొన్ని కాపురస్థులు. చలికాలమున మన చెరువులలో దిగు బాతులు పెక్కు ఉత్తరదేశములనుండి వచ్చి, ఎండలు ముదురకముందే మరలిపోవును. ఒక చెరువెండినచో మఱియొక చెరువును జూచుకొనును. ఇచ్చటనే జతకూడి, గ్రుడ్లు పెట్టి, పిల్లలను పెంచునవి కాపురస్థులు. వీనిలో కాకి, గోరువంక మొదలగునవి మనుష్యునితో పొత్తు కుదుర్చుకొన్నవి. వానికి మన యిండ్లును, వీథులును జాలును. కాని కొన్నిటికి తమకు దగిన ప్రత్యేకమైన నేల యుండవలయును. ఆ నేల చెడినచో చుట్టమువలె మఱియొక యూరికి పోవుటకు వీలులేదు, వంశమే యంతరించును. అట్టివానినే మేమిచ్చట అరుదైన కాపురపు పక్షులనుచున్నాము.

ఓర్పుతో కనిపెట్టి చూచుట యెట్టిదో మా బేగంపేటవారికి వేఱుగా జెప్పనక్కఱలేదు. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదిని రోనాల్డు రాసు గారు ఇచ్చటనే దోమ కడుపును సూక్ష్మదర్శినితో బరీక్షించి, అందు మలేరియా జ్వరమును గలిగించు క్రిమిని గనుగొనిరి. అంతకుమున్ను ఎన్నియో దోమలను కోసి చూచి వారు విఫలులైరి. మఱుసటి సంవత్సరము వారు కలకత్తాలో పక్షులకు వచ్చు మలేరియాను బరిశీలించియే, దోమకాటుచేత ఆ జబ్బు ఒకదానినుండి మఱియొకదానికి సంక్రమించు విధమును ఋజువు చేసిరి. 1902లో వారికి నోబెల్ బహుమతి లభించెను. చిన్న ప్రాణిని శ్రద్ధతో జూచుట వృథాకాలక్షేపము కాదనుటకు ఇంతకంటె దగ్గఱి సాక్ష్యము మాకు లేదు.

ఇంగ్లండు, స్కాట్లండు దేశముల పక్షిపరిశీలకులు అరుదైన పక్షుల కొఱకు కొండలమీది చెట్లులేని తడిబీళ్లకును, వాని దాపున నున్న అడవులకును పోవుదురు. మన దక్కను మెట్టలలో అట్టి తడిబీళ్లు లేవు. మనకున్నవి గడ్డిబీళ్లు, ముండ్లపొదల అడవులు, రాతిగుట్టలు. చూచువారికి ఇవి యెండి, వెలవెలబోయినట్లుండును. లెక్కల పుస్తకములలో వీనిలో చాలభాగము బంజరని వ్రాయబడియుండును. బంజరనగా దేనికిని బనికిరాని నేలయని మనవారి భావము. పక్షికి మాత్రమది పురిటిల్లు. 1931-32 సంవత్సరములలో సలీం ఆలీ గారు హైదరాబాదు సంస్థానమున దిరిగి పక్షులను బరిశీలించి వ్రాసిన నివేదిక బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పత్రికలో బ్రకటింపబడెను. అట్టి నివేదికలు లేకున్నచో, ఏ నేలలో ఏ పక్షి కాపురముండెనో, ఎప్పుడు లేచిపోయెనో మనకు దెలియు దారియే లేదు.

అరుదైనదాని యొద్దకు బోవుటకు ముందు సామాన్యమైనదాని యొద్ద విద్య నేర్చుకొనవలెను. అందులకు తీతువుపిట్టను మించిన గురువు లేదు. దీనినే సంస్కృతమున టిట్టిభమందురు. కన్నుల ముందు ఎఱ్ఱని తోలుముక్కయు, పొడవైన పసుపు కాళ్లును గల యీ పక్షి మన పట్టణపు ఖాళీస్థలములలోను, చెరువు గట్లమీదను నేటికిని గనబడుచున్నది. ఇది గూడు కట్టదు. నేలమీద కొద్దిపాటి గుంటజేసి, చుట్టును చిన్నచిన్న గులకరాళ్లు పేర్చి, సాధారణముగా నాలుగు గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు మన్నురంగున నల్లని మచ్చలతో నుండి, కాలిక్రింద బడువఱకు కంటికి గనబడవు. వాని సన్నని కొనలు లోపలివైపునకు దిరిగియుండుటచే నాలుగును తల్లి పొట్టక్రింద జక్కగా నిముడును. మండువేసవిలో తల్లిదండ్రులు నీటిలో దిగి, పొట్ట యీకలను తడుపుకొనివచ్చి, గ్రుడ్లమీద గూర్చుండి వానిని జల్లబఱచును. ఇంచుమించు నాలుగు వారములకు పిల్లలు బయటికి వచ్చును.

మనము దగ్గఱకు బోవునప్పుడు తీతువు అఱచుచు తలమీదికి దూకును. అది మనతో నాడుకొనుట లేదు, వెళ్లిపొమ్మని చెప్పుచున్నది. అప్పుడు గ్రుడ్లను విడిచి లేచిన పక్షి, మనమచ్చట నున్నంతసేపును దిగిరాదు. వేసవి యెండలో కొలది నిమిషములు నీడ దప్పినను గ్రుడ్డులోని పిల్ల చచ్చిపోవచ్చును. పై కొమ్మనుండి కాకి మనలను జూచుచుండును. మనమెచ్చట వంగితిమో, మన వెనుక అదియు నచ్చటనే వెదకును. మన యడుగుల జాడబట్టి కుక్కయు, నక్కయు రావచ్చును. నాలుగవ హాని అన్నిటికంటె పెద్దది: మాటిమాటికి బెదరిన పక్షి గ్రుడ్లను శాశ్వతముగ విడిచి పోవచ్చును. తీతువులు పెక్కులుండుటచే ఈ నష్టము మనకు గనబడదు. ఇదియే హాని అరుదైన పక్షికి గలిగినచో ఆ యేటి సంతానమంతయు పోయినట్లే.

బట్టమేకపిట్ట సంగతి చూడుడు. ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైనవానిలో నిది యొకటి. నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు గడ్డిబీళ్లను దీని కొఱకే 1988లో అభయారణ్యముగా జేసిరి. ఈ పక్షి సామాన్యముగా ఏటి కొక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును. అదియు వట్టి నేలమీదనే. మగపక్షి సాయము చేయదు. ఆడుపక్షి యొక్కతెయే నాలుగు వారములు పొదిగి, పిల్లను దనవెంట ద్రిప్పుకొని పెంచును. ఒక గొడ్డు త్రొక్కినను, ఒక కుక్క తినినను, ఒక చూపరి బెదరించినను ఆ సంవత్సరమునకు మఱి బిడ్డ లేదు. గడ్డిబీళ్లు చేలగుటచేతను, వేటచేతను, విద్యుత్తు తీగలకు దగిలి చచ్చుటచేతను నేడు దేశమందలి గడ్డిబీళ్లలో నివి 200కు లోపు మాత్రమే మిగిలియున్నవి. రోళ్లపాటిలో దానిని జూచుట యిప్పుడు మిక్కిలి అరుదు. రాజస్థానమున 2019నుండి గ్రుడ్లను కృత్రిమముగా బొదిగించి పిల్లలను బెంచు ప్రయత్నము జరుగుచున్నది.

ఇంక మన తెలుగువారి సొత్తనదగిన కలివికోడి కథ వినుడు. కలివియనునది ముండ్లపొద, ఆ పొదల నడుమ దిరుగుటచే దానికీ పేరు గలిగినది. ఇంచుమించు కౌజుపిట్టకంటె కొంచెము పెద్దదై, పొడవైన కాళ్లును, పెద్ద కన్నులును, ఱొమ్మున రెండు గోధుమవన్నె పట్టెలును గలిగియుండును. మద్రాసు సైన్యమున వైద్యుడైయుండి, నెల్లూరు ప్రాంతమున బనిచేసిన జెర్డను దొర 1848 ప్రాంతమున దీనిని శాస్త్రజ్ఞుల దృష్టికి దెచ్చెను. తరువాత గోదావరీతీరమున సిరొంచ వైపునను, 1900లో అనంతపురము వైపునను గనబడెను. అంతటితో సరి. ఎనుబదియాఱేండ్లు దానిని జూచినట్లు వ్రాసినవారు లేరు. నడుమ వెదకబోయినవారు రిక్తహస్తములతో మరలిరి. పక్షి నశించినదనియే పలువురు తలచిరి.

పక్షి నశింపలేదు. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు జెందిన భరత్ భూషణ్ గారు కడప జిల్లాలో సిద్ధవటము వైపున, లంకమల కొండల దాపున వెదకుచుండగా, ఐతన్న యను స్థానికుడైన వేటగాడు రాత్రివేళ దానిని సజీవముగా బట్టి తెచ్చెను. పుస్తకములలో లేని పక్షి ఐతన్న యెఱుకలో నుండెను. ఇది రాత్రులందు సంచరించునది గనుక, పగటివేళ వెదకినవారికి దొరకకపోవుటలో వింత లేదు. శాస్త్రజ్ఞునికి పక్షి పేరు తెలియును. అడవి మనుష్యునికి దాని త్రోవ తెలియును. ఇరువురును గలిసినప్పుడే పని నెఱవేఱినది. 1988లో ఆ కొండలు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమైనవి. ఆ యేటనే భారతప్రభుత్వము కలివికోడి బొమ్మతో తపాలాబిళ్లను వెలువరించెను.

అయినను ఈ కథలో నొక విచారకరమైన భాగము గలదు. పట్టువడిన యా పక్షి యెక్కువకాలము బ్రదుకలేదు. అది దొరకుటచేతనే లోకమునకు దాని యునికి తెలిసినది, దాని నేలకు రక్షణ గలిగినది. కాని ఆ యొక్క పక్షి ప్రాణము పోయినది. మేము వ్యాసారంభమున జెప్పిన చిక్కు ఇచ్చట స్పష్టముగా గనబడుచున్నది. ఐతన్నను దూషించుట తగదు. అతడు లేకున్నచో ఆ నేల యేనాడో దున్నబడి యుండెడిది. తరువాతి వారు చేయవలసినది, పక్షిని బట్టక, బెదరింపక, దాని జాడ తెలిసికొను నుపాయము కనుగొనుట.

2000వ సంవత్సరము తరువాత బొంబాయి సంఘమువారును, బ్రిటనునందలి పక్షిసంరక్షణ సంఘమువారును గలిసి అట్టి యుపాయములనే కనుగొనిరి. పొదల నడుమ నచ్చటచ్చట సన్నని మన్ను పఱచి, చదునుచేసి, మఱునాటి యుదయమున వచ్చి యడుగుజాడలను బరిశీలించిరి. కలివికోడి కాలి గుర్తు తక్కిన పక్షుల గుర్తులకంటె వేఱుగా నుండును గనుక, రాత్రి యెవ్వరు నడచిరో మన్నే చెప్పెను. జంతువు ముందునుండి పోవునప్పుడు తనంత తానే చిత్రము దీయు కెమేరాలను గూడ నమర్చిరి. సంజచీకటి పడినపిమ్మట కొలదిసేపు అది రెండు స్వరములతో గూయునని తెలిసికొని, ఆ కూతను బట్టి లెక్కించుట నేర్చిరి. మనుష్యుడు తన గదిలో నుండగనే పక్షి తన రాకపోకలను వ్రాసియిచ్చినట్లయినది. ఈ పరిశీలనవలన మఱియొక సంగతి తెలిసెను: ఈ పక్షికి పొదలు మరీ దట్టముగా నుండరాదు, మరీ పలుచగాను నుండరాదు, నడుమనడుమ వట్టినేల యుండవలయును. పొదలన్నియు నఱికిన నది పోవును. కావున ఆ కొండ దాపున గొఱ్ఱెలు మేపువానిని, కట్టెలు కొట్టువానిని శత్రువులుగా జూడక, వారితో మాటలాడి హద్దులు కుదుర్చుకొనుటయే మంచి మార్గము. తెలుగుగంగ కాలువను ఆ ప్రాంతమున ద్రవ్వబూనినపుడు, పక్షి జాడలు వ్రాతమూలమున నుండుటచేతనే కాలువ త్రోవను మార్పింప గలిగిరి. వ్రాసి యుంచిన చిన్న సంగతి యెంతపనికి వచ్చునో దీనినిబట్టి గ్రహింపవచ్చును. ఇటీవలి సంవత్సరములలో ఆ పక్షి జాడ దొరకుట మిక్కిలి అరుదైనది, వెదకుట మానలేదు.

కలివికోడి గూడెట్లుండును? ఈ ప్రశ్నకు అడవిలో నుత్తరము దొరకకముందే, దూరదేశపు వస్తుప్రదర్శనశాలలో నొక యుత్తరము దొరకినది. స్కాట్లండులోని ఆబర్డీను విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో నున్న పాత గ్రుడ్లలో నొకటి కలివికోడిదని 2013లో బ్రకటించిరి. దానిని 1917 ప్రాంతమున కోలారు బంగారు గనుల చెంత సేకరించిరట. ఎండిన గ్రుడ్డునందలి జీవపదార్థమును, ప్రదర్శనశాలలలో దాచియున్న పాత కలివికోళ్ల జీవపదార్థముతో పోల్చి యీ సంగతి నిర్ధారణ చేసిరి. అప్పటికి లోకమున దెలిసిన కలివికోడి గ్రుడ్డు మఱియొకటి లేదు. దీనిని జూచి గ్రుడ్లను సేకరించుట మంచి పనియని యెవ్వరును భ్రమపడరాదు. ఆ కాలమున గ్రుడ్లను ప్రోగుచేయుట గొప్ప వేడుక. పక్షి యెంత అరుదైనదో దాని గ్రుడ్డుకంత వెల. ఆ వేడుకచేత పెక్కు పక్షులు మఱింత అరుదైనవి. బ్రిటనులో 1954 చట్టముచేత దీనిని నిషేధించిరి. మన దేశమున 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునందు వన్యపక్షుల గ్రుడ్లను తీయుటయే కాక, గ్రుడ్లను గూళ్లను కదల్చుట గూడ వేటగానే యెన్నబడినది.

బీళ్లనుండి అడవికి బోయినచో గూటి రీతి మాఱును గాని నీతి మాఱదు. తూర్పుకనుమలలో పాపికొండల వైపున, ముక్కుమీద కొమ్మువంటి టోపీగల పెద్ద పక్షి గలదు. ఇంగ్లీషువారు దానిని హార్న్‌బిల్ అందురు. దాని యాడుపక్షి పెద్దచెట్టు తొఱ్ఱలో దూరి, ద్వారమును దానే మూసికొని, ముక్కు పట్టునంత సందు మాత్రము విడుచును. వారములకొలది లోపలనే యుండి గ్రుడ్లను బొదుగును. అంతకాలమును మగపక్షి పండ్లు దెచ్చి యా సందుగుండ నందించును. చెట్టుక్రింద మనుష్యులు మూగియున్నచో మగపక్షి దూరపు కొమ్మమీదనే తిరుగాడి, దగ్గఱకు రాదు. చూడవచ్చినవారు భోజనము చేసి, చిత్రములు దీసికొని, సంతోషముతో మరలుదురు. తొఱ్ఱలో తల్లియు బిడ్డలును పస్తుండును.

చుట్టమైన పక్షియు తన యూరిలో కాపురస్థుడేనని మఱువరాదు. చలికాలమున రోళ్లపాటి గడ్డిలో రాత్రులు నిదురించు పిల్లిగ్రద్దలు వేసవిలో ఐరోపా, మధ్యాసియా బీళ్లలో నేలమీద గూళ్లు పెట్టుకొనును. పశ్చిమ ఐరోపాలో నవి గోధుమచేలలో గూడ పెట్టుచున్నవి. కోతకాలమునకు పిల్లలింకను ఎగురలేవు. అందుచేత ఫ్రాన్సు, స్పెయిను దేశములలో పరిశీలకులు దూరమునుండి దుర్భిణితో జూచి గూటి చోటు గుర్తించి, రైతును బ్రతిమాలి, ఆ కొలదిపాటి చేనును కోయకుండ విడిపింతురు. ఇచ్చట వెదకుట వేడుక కొఱకు గాదు. వెదకనిచో కోతయంత్రము క్రింద బిడ్డలు పడును. వెదకవలసినదెప్పుడో, వెదకరానిదెప్పుడో యీ నిదర్శనము చక్కగా దెలుపుచున్నది. తెలిసికొనుటవలన పక్షికి మేలు గలుగునా యని మొదట ప్రశ్నించుకొని, గలుగునని తోచినప్పుడే ముందడుగు వేయవలెను.

కావున మా విద్యార్థులకు మేము నేర్పదలచిన నియమములు కొన్ని గలవు. దుర్భిణి యున్న మంచిదే; లేకున్న నొక చిన్న పుస్తకమును, సీసపుకడ్డీయును చాలును. వేకువను గాని, సాయంకాలమున గాని పోవలెను. ఎండవేళ గూటి దరికి బోరాదు. ఇద్దరు ముగ్గురికి మించి కలిసి పోరాదు. పక్షి నోట పురుగుగాని గడ్డిపోచగాని కఱచుకొని యొకేవైపునకు మాటిమాటికి బోవుచున్నచో గూడు అచ్చట నున్నదని గ్రహించి, వెంబడింపక దూరముగ గూర్చుండవలెను. పక్షి మేత మాని మనవంక జూచుచున్నచో మనము చాల దగ్గఱకు వచ్చితిమని యర్థము. వెంటనే వెనుకకు దిరుగవలెను. గూటి ముందటి కొమ్మను విఱువరాదు, ఆకును తొలగింపరాదు. ఆ యాకు గొడుగును, తలుపును గూడ. యంత్రముతో కూతలు వినిపించి పిలుచుట నేర్పరుల పని. వేడుకకు దానిని జేయరాదు. ఇంటికి వచ్చి తేది, వేళ, చోటు, పక్షి చేసిన పని, చూచినది చూచినట్లు వ్రాయవలెను. నిశ్చయముగా దెలియనిదానిని తెలిసినట్లు వ్రాయరాదు. అరుదైన పక్షి గూటి చోటును మాత్రము నలుగురికి జెప్పరాదు. అటవీశాఖవారికి గాని, నమ్మదగిన పక్షిశాస్త్రజ్ఞులకు గాని తెలుపవలెను. ఒకరు చూచి మంచి మనస్సుతోనే పదుగురికి జెప్పుదురు, ఆ పదుగురు నూర్గురను బిలుతురు. పక్షికి వచ్చువారి మంచితనము తెలియదు, అడుగుల చప్పుడు మాత్రమే తెలియును.

పెద్దలనడిగి తెలిసికొనుట మఱువకుడు. సెలవులలో స్వగ్రామమునకు బోవు విద్యార్థులు గొఱ్ఱెలకాపరిని, చెంచువానిని, చేనికావలి ముసలివానిని అడిగి, ఏ పక్షి యేబీటిలో గ్రుడ్లు పెట్టుచుండెడిదో, ఎన్నేండ్లనుండి కనబడుట మానినదో వ్రాసికొని రండు. పక్షుల తెలుగుపేర్లను వారు పలికినట్లే వ్రాయుడు. ఆ పేర్లెఱిగిన తరము గతించినచో, పేరుతోపాటు పక్షి నడచిన త్రోవయు మఱుగునబడును. కలివికోడి యెనుబదియాఱేండ్లు శాస్త్రజ్ఞుల కన్నులకు మఱుగై, వేటగాని యెఱుకలో మాత్రము నిలిచిన సంగతి జ్ఞప్తియం దుంచుకొనవలెను. బంజరని మనము పేరుపెట్టిన నేలలో నింకను ఏ పక్షి తన గ్రుడ్లను దాచుకొనియున్నదో యెవరెఱుగుదురు? దానిని మనము చూడకపోవచ్చును. మనమటు పోయి వచ్చినపిమ్మట అది తన గ్రుడ్లమీద మరల గూర్చుండెనా, లేదా యనునదే మన పరిశీలనకు బరీక్ష.